కారవాన్‌లో కిన్నౌర్‌కు: ఎక్కే దారి కన్నా దిగే దారికి సిద్ధపడండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పాత ఫోర్స్ ట్రావెలర్ కొని మంచాలు, వంటగట్టు, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన ఏసీ, రెండు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు పెట్టించి కారవాన్‌గా మార్చుకున్నాం. మైదానంలో లీటరుకు 9 కి.మీ. ఇస్తోంది. ఉగాది వెళ్లగానే, మార్చి చివర్లో 22 రోజుల సెలవు పెట్టి హిమాచల్ వెళ్లాలని ఉంది. సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి లోయలోని కాజా చేరి, కున్‌జుమ్ కనుమ దాటి మనాలి వైపు నుంచి తిరిగి రావాలన్నది ఆలోచన. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు (14, 9 ఏళ్లు), మా నాన్నగారు (68 ఏళ్లు, బీపీకి మందులు వాడతారు) వెళ్తాం. డ్రైవింగ్ నేనే. అరకు ఘాట్ బాగా అలవాటు. దారి సరైనదేనా? బండికి ఏమేం చేయించాలి? నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

సమాధానం: మీ లేఖలో అన్నీ రాశారు గానీ బండి బరువు రాయలేదు. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది అదే. దాని సంగతికి వచ్చేముందు, మీ పథకంలో రెండు మార్పులు తప్పవు.

మొదటిది, ఆ చుట్టు తిరిగే దారి వసంతంలో ఉండదు. కున్‌జుమ్ కనుమ 4,500 మీటర్ల పైన ఉంది. మంచు తీసి దారి తెరిచేసరికి మామూలుగా మే ఆఖరో జూనో అవుతుంది. తెరిచాక కూడా, కనుమ దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా ఉన్నది రాళ్లు, వాగుల బాట. వెనక చక్రాల తర్వాత అంత పొడవు బాడీ ఉన్న ట్రావెలర్ అక్కడ తోక తగిలించుకుంటూ పోవాల్సి వస్తుంది. కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. కిన్నౌర్ వైపు దారిని ఏడాది పొడవునా తెరిచి ఉంచడానికి బీఆర్‌ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) ప్రయత్నిస్తుంది కనుక ఆ వైపు ఆశ పెట్టుకోవచ్చు.

రెండోది తేదీ. మార్చి చివర్లో మీ దారిలోని నార్కండ, సాంగ్లా, కల్పాల్లో మంచు పడటం మామూలే. ఏప్రిల్ మూడో వారంలో బయల్దేరండి. పిల్లల పరీక్షలు కూడా ఈలోపు అయిపోతాయి. నెలాఖరుకు సాంగ్లా లోయలో ఉంటారు. ఆపిల్, ఆప్రికాట్ చెట్లు పూత మీద ఉండే కాలం అది. కింద ఊళ్లలో పూత రాలిపోతున్నా పై ఊళ్లలో అప్పుడే విచ్చుతూ ఉంటుంది.

ఇక రోజుల లెక్క. విశాఖ నుంచి విజయనగరం, సాలూరు, కోరాపుట్, జగ్దల్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్, సాగర్, ఝాన్సీ, ఆగ్రా, అంబాలా మీదుగా కల్పా దాదాపు 2,500 కి.మీ. ఉంటుంది. ఇందులో అంబాలా దాకా 2,100 కి.మీ.కు అటూ ఇటూ. పిల్లలు, పెద్దాయన ఉన్న కారవాన్‌కు మైదానంలో రోజుకు 350 కి.మీ. చాలు. అంటే పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు. బండికో మనిషికో ఏదైనా అయితే సర్దుకోవడానికి ఒక రోజు విడిగా పక్కన పెట్టండి. కొండల్లో మీకు మిగిలేవి తొమ్మిది రోజులే. అక్కడ రోజుకు 100, మహా అయితే 120 కి.మీ. మించొద్దు. సోలన్‌లో ఒక రాత్రి, నార్కండలో ఒకటి, సరాహన్‌లో ఒకటి, సాంగ్లాలో రెండు, కల్పాలో ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు రాంపూర్, నార్కండ, సోలన్‌లలో ఒక్కొక్కటి. తొమ్మిదీ అయిపోయాయి. కాజాకు కల్పా నుంచి ఇంకో 200 కి.మీ. ఉంది. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటానికి ఆగుతూ పోయి రావాలంటే కనీసం ఐదు రోజులు కావాలి. ఈ సెలవులో కాజా వదిలేయండి. సాంగ్లా, చిత్కుల్, కల్పా చూసి రావడం చిన్న ప్రయాణమేమీ కాదు.

నాగ్‌పూర్‌కు హైదరాబాద్ మీదుగా నాలుగు వరుసల రోడ్డే ఉంది కదా అని మీకు అనిపించొచ్చు. అటు దాదాపు 280 కి.మీ. ఎక్కువ. పైగా కోరాపుట్ దారిలో సాలూరు దాటాక సుంకి ఘాట్, మర్నాడు కాంకేర్‌కు ముందు కేశ్‌కాల్ ఘాట్ వస్తాయి. బండిలో లోపం ఉంటే ఇంటికి దగ్గర్లో, మొదటి రెండు రోజుల్లోనే బయటపడటం మంచిది. కేశ్‌కాల్ మలుపుల్లో లారీలు ఇరుక్కుని గంటల తరబడి ఆగిపోతుంటాయి. పొద్దున్నే దాటేలా చూసుకోండి. ఆగ్రా తర్వాత ఢిల్లీలోకి వెళ్లకుండా పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 135 కి.మీ.లో కుండ్లీ దగ్గర మళ్లీ 44వ జాతీయ రహదారి మీదికి వస్తారు.

మైదానంలో అసలు కష్టం ఎండ. ఏప్రిల్ చివర, మే మొదట నాగ్‌పూర్, ఝాన్సీ వైపు 40 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుతూ బయల్దేరి పదకొండుకల్లా ఆపేయండి. మిగతాది సాయంత్రం రెండు గంటల్లో పూర్తి చేయండి. పైన ఉన్న ఏసీ రాత్రంతా చల్లగా ఉంచుతుందనుకోవద్దు. మీ రెండు బ్యాటరీలూ కలిపి కాగితం మీద 3.6 యూనిట్లు. ట్యూబులర్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి వాడుకోదగినవి 1.8 యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు ఒక యూనిట్‌కు పైనే లాగుతుంది. గంటన్నరలో అయిపోతుంది. మైదానంలో రాత్రిళ్లు లాడ్జిలో గది తీసుకోండి. కారవాన్ నిద్ర కొండల కోసం దాచుకోండి.

ఇప్పుడు బరువు. బయల్దేరడానికి మూడు నెలల ముందు నీళ్ల ట్యాంకు, డీజిల్ నింపి, సామాను సర్ది, ఐదుగురూ కూర్చుని గాజువాక ఆటోనగర్ వైపు ఏదైనా లారీ కాటా మీదికి బండి ఎక్కించండి. మొదట మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనక చక్రాలు మాత్రమే. మూడు చీటీలు తీసుకోండి. మొత్తం బరువు ఆర్‌సీలో ఉన్న స్థూల బరువు కన్నా కనీసం 200 కిలోలు తక్కువ ఉండాలి. చక్రాల జత మీది బరువు బండి ప్లేటు మీద కంపెనీ ఇచ్చిన పరిమితి దాటకూడదు.

చాలా కారవాన్లు ఇక్కడే తప్పుతాయి. 19 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒక్కోటి 35 కిలోల పైమాటే. మంచాలకు, అల్మారాలకు తొమ్మిది షీట్లు పట్టాయంటే 300 కిలోలు దాటిపోయింది. నీళ్లు 200 కిలోలు. రెండు ట్యూబులర్ బ్యాటరీలు 110 కిలోల పైన. ఐదుగురు మనుషులు 300. గిన్నెలు, గ్యాస్, పరుపులు, బట్టలు ఇంకో 100. అంటే 1,000 కిలోలు దాటింది. ఇందులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది. వెనక బరువు పెరిగి ముందు తేలికైతే తడి మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా జారుతుంది.

తగ్గించే దారులున్నాయి. కొండల్లో 200 లీటర్ల ట్యాంకు అక్కర్లేదు. సగం నిండిన పెద్ద ట్యాంకులో నీళ్లు మలుపు మలుపుకూ అటూ ఇటూ ఊగి బండిని పక్కకు లాగుతాయి. దాన్ని ఖాళీ చేసి 20 లీటర్ల క్యాన్లు మూడు, వెనక చక్రాలకు ముందు, నేల మీద బెల్టుతో కట్టేయండి. ట్యూబులర్ బ్యాటరీల బదులు 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి రెండు పెట్టుకుంటే 80 కిలోలకు పైగా దిగుతుంది. ఖర్చు ఎక్కువే. కానీ ట్యూబులర్ బ్యాటరీ ఘాట్ మలుపుల్లో యాసిడ్ చిందిస్తుంది, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు పడుకునే చోట అది ఉండకపోవడమే క్షేమం. కప్పు మీద క్యారియర్ ఉంటే ఖాళీగా ఉంచండి. బరువు ఎంత పైకి పోతే బండి అంత ఊగుతుంది.

ఇదంతా ఎందుకంటే, దిగడం కోసం. నార్కండ దాదాపు 2,700 మీటర్ల ఎత్తు, రాంపూర్ వెయ్యి మీటర్ల దగ్గర. మధ్య దూరం 65 కి.మీ.కు అటూ ఇటూ. సట్లెజ్ ఒడ్డు దాకా దిగుడే. 3,500 కిలోల బండి 1,700 మీటర్లు దిగిందంటే ఆ శక్తి సుమారు 170 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి. అందులో కొంత గాలీ టైర్లూ తీసుకుంటాయి. మిగిలింది ఇంజను పట్టుకోవాలి, లేకపోతే బ్రేకులు పట్టుకోవాలి. మీరు బ్రేకుల మీద వదిలేస్తే పది కి.మీ. లోపే కాలిన వాసన వస్తుంది.

అరకు ఘాట్ మీకు అలవాటే, సంతోషం. కానీ అరకు లోయే 900 మీటర్ల ఎత్తు. అనంతగిరి నుంచి శృంగవరపుకోట దిగేసరికి ఘాట్ అయిపోతుంది. తప్పుగా దింపినా బ్రేకులు కాగేలోపే కిందికి వచ్చేస్తాం. నార్కండ దిగుడు దానికి రెండింతలు. అక్కడ అలవాటుకు క్షమాపణ ఉండదు.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పేది నిజం. మీ బండికైతే రెండు, కొన్నిచోట్ల మూడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు డీజిల్ ఇంజను పట్టే పట్టు పెట్రోల్ ఇంజనంత ఉండదు కాబట్టి అనుకున్నదానికన్నా ఒక గేరు తక్కువే పెట్టండి. గేరు దిగుడు మొదలయ్యే ముందే మార్చాలి. వేగం అందుకున్నాక మార్చబోతే గేరు పడక బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం అదే. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపడం, ఇంజను ఆపి దింపడం ఎప్పుడూ వద్దు. ఇంజను ఆగితే, తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఉండదు, రెండు మూడు తొక్కుళ్లకే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ కూడా పోతుంది.

బ్రేకును సన్నగా అదిమిపట్టి ఉంచొద్దు. వేగం 35 దాకా రానిచ్చి, గట్టిగా తొక్కి మూడు సెకన్లలో 25కి దించి, పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ వ్యవధిలోనే డిస్కులకు గాలి తగిలి చల్లబడతాయి. పది కి.మీ.కు ఒకసారి కొండ వైపు విశాలమైన చోట ఆపి, గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, పావుగంట ఆగండి. చెయ్యి చక్రం దగ్గరికి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. నాలుగు చక్రాల్లో ఒకటే సెగ కొడుతుంటే ఆ బ్రేకు వదలడం లేదన్నమాట.

పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు, లైనర్లు కాగిపోయాయి. పెడలు మెత్తబడి కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ఏదైనా సరే, వెంటనే గేరు ఇంకొకటి దించండి, పెడలును పంపులా పదే పదే తొక్కండి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగండి. బండిని కొండ వైపు కాలువలోకి ఒరిపించి ఆపండి, లోయ వైపు ఎన్నడూ వద్దు. ఆగాక వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి, పగుళ్లిస్తాయి. నలభై నిమిషాలు అలాగే వదిలేయండి.

విశాఖ బండికి ఈ విషయంలో ఒక ప్రత్యేక సమస్య ఉంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, సముద్రం పక్క ఊళ్లో మరీను. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. పాత బండి కొన్నారు కాబట్టి చివరిసారి ఎప్పుడు మార్చారో అడగకుండా మొత్తం తీయించి డబ్బా సీలు మీ ముందే విప్పించి పోయించండి. ఉప్పు గాలికి, డిస్కు బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ల పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. నాలుగు చక్రాలూ విప్పించి, డిస్కులున్న చోట పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. బ్రేకు గొట్టాలు వంచి చూస్తే బీటలు కనిపిస్తే మార్చేయాలి. అలాగే చాసిస్ మీద, ముఖ్యంగా అదనంగా వెల్డింగ్ చేసిన చోట్ల, తుప్పు ఉందేమో సుత్తితో తట్టి చూడమనండి. క్లచ్చి ప్లేటు సగం అరిగినా ఇక్కడే మార్చించుకోండి. కొండ మీద మధ్యలో ఆగి మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చే ప్రతిసారీ దెబ్బ తినేది అదే. సాంగ్లా దారిలో అలా చాలాసార్లు వస్తుంది.

కర్చమ్ నుంచి సాంగ్లాకు ఎక్కే 18 కి.మీ. దారి ఇరుకు. బస్సులు తిరుగుతాయి కాబట్టి మీ బండి పడుతుంది. ఎదురు బండి వస్తే ఎక్కే బండికే ముందు హక్కు, నిబంధన అదే. అయినా పక్కకు చోటు ఎవరి దగ్గర ఉందో చూసి వాళ్లు ఆగడం మర్యాద. పక్కన ఉన్న పెద్దవాళ్లలో ఒకరు దిగి వెనక నిలబడి చెబితేనే రివర్స్ చేయండి. తరండా వైపు కొండను తొలిచి వేసిన రోడ్డులో పైన రాయి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఏసీ పెట్టిన తర్వాత నేల నుంచి బండి ఎత్తు ఎంతో టేపుతో కొలిచి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.

వసంతంలో కొండ దారికి వానాకాలం కన్నా వేరే గుణం ఉంటుంది. పగలు కరిగిన మంచు నీళ్లు రాతి పగుళ్లలోకి దిగుతాయి. రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాయిని వదులు చేస్తాయి. మర్నాడు ఎండ తగలగానే వదులైన రాళ్లు జారతాయి. మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. తెల్లవారుజామున వాగులు తగ్గి ఉన్నా, నీడ మలుపుల్లో కంటికి కనిపించని మంచు పొర రోడ్డు మీద ఉంటుంది. అందుకే కొండల్లో మీ వేళ ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు మీద కొత్తగా పడిన రాళ్లు కనిపిస్తే కాస్త దూరంలో ఆగి, పైకి చూసి, దుమ్ము లేవడం లేదని నిర్ధారించుకుని ఆగకుండా దాటండి. ఫొటోల కోసం వేలాడే రాయి కింద ఆపకండి. 2021 జులైలో ఇదే సాంగ్లా లోయలో బత్సేరి దగ్గర కొండ రాళ్లు పడి టెంపో ట్రావెలర్‌లోని తొమ్మిదిమంది పర్యాటకులు చనిపోయారు. అది వానాకాలం. రాళ్లు జారే గుణం ఆ కొండకు ఎప్పుడూ ఉంటుంది.

వాతావరణ శాఖ సిమ్లా, కిన్నౌర్‌లకు పసుపు, నారింజ హెచ్చరిక ఇచ్చిందంటే పశ్చిమం నుంచి మేఘాలు వస్తున్నాయని. ఉన్నచోటే ఉండండి. వాన, మంచు ఆగాక ఇంకో పూర్తి పొడి రోజు గడిచాకే కదలండి. దారి సంగతి జిల్లా విపత్తు నిర్వహణ వాళ్ల 1077 నంబరుకు చేసి అడగొచ్చు. ఇలా ఒక రోజు పోతే సాంగ్లాలో ఒక రాత్రి తగ్గించుకోండి, తిరుగు ప్రయాణంలో కి.మీ. పెంచుకోవద్దు.

రాత్రి మకాం నది ఒడ్డున వద్దు. సట్లెజ్, సాంగ్లా లోయలో పారే బస్పా రెండింటి మీదా జల విద్యుత్ కేంద్రాలున్నాయి. పైన గేట్లు ఎత్తితే నిమిషాల్లో నీళ్లు వస్తాయి. 2014 జూన్ 8న లార్జీ డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ విద్యార్థులు కొట్టుకుపోయిన సంగతి తెలుగువాళ్లం మరిచిపోలేం. ఒడ్డు ఎంత పొడిగా, ఎంత అందంగా కనిపించినా అక్కడ స్టవ్ వెలిగించకండి, పిల్లల్ని దిగనివ్వకండి. హోమ్‌స్టేల పెరట్లో, హోటళ్ల ఆవరణలో అడిగితే కొంత డబ్బు తీసుకుని బండి పెట్టుకోనిస్తారు, బాత్రూమ్ కూడా ఇస్తారు. కొండ వాలు కింద కాకుండా, నేల చదునుగా ఉన్నచోట చూసుకోండి.

చలి సంగతి. ఏప్రిల్ చివర్లో కూడా చిత్కుల్, కల్పా వైపు రాత్రి సున్నాకు దిగొచ్చు. లిథియం బ్యాటరీ సున్నా కన్నా కింద ఛార్జ్ కాకూడదు. మంచి బ్యాటరీలో ఉండే రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది. పొద్దున ఎండ కాస్తున్నా సోలార్ పని చేయడం లేదని చాలామంది వైర్లు పీకి చూస్తారు. బ్యాటరీ వెచ్చబడేదాకా ఆగితే అదే మొదలవుతుంది. బ్యాటరీలను మంచం కింద, మనుషుల వెచ్చదనం తగిలే చోట పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. పంపు, బయట ఉన్న పైపుల్లో నీళ్లు పడుకునే ముందు వదిలేయండి. గడ్డకట్టిన నీళ్లు ప్లాస్టిక్ జాయింట్లను పగలగొడతాయి, అది కారేది మర్నాడు కరిగాకే తెలుస్తుంది.

మన వంట గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది కాబట్టి పొద్దున్నే మంట నీరసంగా వస్తుంది. 5 కిలోల బండ తీసుకెళ్లండి. అది పెట్టిన అల్మారా అడుగున బయటికి గాలి కంత ఉండాలి, ఎందుకంటే ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే కిందే చేరుతుంది. బండను మంట మీద కాచే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టితే సరిపోతుంది. కల్పా ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మూత పెట్టిన గిన్నెలో అన్నం పలుకు మిగులుతుంది, పప్పు ఓ పట్టాన ఉడకదు. ఐదు లీటర్ల కుక్కరు, దానికి అదనంగా ఒక గాస్కెట్ ఉంచుకోండి.

వెచ్చదనానికి దుప్పట్లు, రజాయిలే నమ్మండి. కుంపటి, బొగ్గుల అంగీఠి బండిలోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. డీజిల్ హీటరు పెట్టించుకున్నా పొగ గొట్టం బండి కింద కాకుండా పక్కకు రావాలి, మంచం ఎత్తులో మోనాక్సైడ్ అలారం ఉండాలి, కిటికీ ఒక అంగుళం తెరిచే ఉంచాలి. ఇంజను నడుపుతూ హీటరు వేసుకుని పడుకోవడం కూడా వద్దు. విషవాయువు ప్రమాదం అలా ఉంచి, బీఎస్-6 బండి అయితే గంటల తరబడి ఐడిల్‌లో ఉంటే పొగ వడపోసే ఫిల్టరు మసితో నిండి బండి శక్తి తగ్గిపోతుంది. దాన్ని సరిచేసే షెడ్డు ఆ కొండల్లో దొరకడం కష్టం.

నాన్నగారు రావొచ్చు, డాక్టరు సరేనంటే. కాజా తీసేశాం కాబట్టి ఆయన పడుకునే ఎత్తు 3,000 మీటర్ల లోపే ఉంటుంది. చిత్కుల్ దాదాపు 3,450 మీటర్లు, అక్కడికి పగలు వెళ్లి సాంగ్లాకు దిగి వచ్చేయండి. వెళ్లే ముందు బీపీ మందుల చీటీ డాక్టరుకు చూపించి, ఎత్తు ప్రదేశాలకు వాడే డయామాక్స్ అవసరమా, ఆయన మందులతో సరిపడుతుందా అడగండి. అది ఒంట్లో నీటిని తీసే మందు. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి తప్పక చెప్పాలి. తలనొప్పి, వాంతి, అన్నం సయించకపోవడం కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి పోవద్దు. మర్నాటికీ తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించేయాలి. రికాంగ్ పియోలో జిల్లా ఆసుపత్రి, రాంపూర్ దగ్గర ఖనేరిలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ఆయనను ఆరు రోజులు ఎండలో తిప్పడం కన్నా ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి మీ శ్రీమతితో పంపి, అంబాలాలో కలుసుకుంటే ఇంకా మంచిది. పిల్లల్లో చిన్నవాళ్లను కూడా వాళ్లతోనే పంపొచ్చు.

టైర్ల గాలి విషయంలో కంగారు పడి తీయడం, పెట్టడం చేయకండి. 60 పీఎస్‌ఐ ఉన్న టైరు 35 డిగ్రీల ఎండ నుంచి సున్నా చలికి పోతే సుమారు 8 పీఎస్‌ఐ తగ్గుతుంది. కల్పా ఎత్తులో బయటి గాలి పలచన కావడం వల్ల మీటరు 4 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. రెండూ కలిపి తేడా కొద్దే. పొద్దున్నే, బండి కదలకముందు మీ సొంత మీటరుతో చూసి కంపెనీ చెప్పినంత ఉంచండి. డీజిల్ రాంపూర్‌లో, రికాంగ్ పియోకు కింద పోవారిలో నింపుకోండి. మొత్తం 5,200 కి.మీ.కు, కొండల్లో మైలేజీ తగ్గేది కూడా కలిపి, 620 లీటర్లు లెక్క వేసుకోండి.

కాగితాల్లో ఒకటే ముఖ్యం. బండిని కారవాన్‌గా మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కిందా, ఇన్సూరెన్స్‌కు తెలియజేశారా చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పుకు అనుమతి ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము నిలబడటం కష్టం. కాటా చీటీలు తీసుకున్న వారంలోనే ఆర్టీఓ ఆఫీసు పని మొదలుపెట్టండి, దానికి సమయం పడుతుంది.

ఈ పనులన్నీ అయ్యాక, ఫిబ్రవరిలో ఒక శని ఆదివారం పూర్తి సామానుతో, ఐదుగురితో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి బండిలోనే పడుకోండి. రాత్రి ఎవరికి చలి వేసిందో, బ్యాటరీ తెల్లారేసరికి ఎంత మిగిలిందో, మూడు క్యాన్ల నీళ్లు ఎంతసేపు వచ్చాయో రాసుకోండి. మర్నాడు ఘాట్ అంతా రెండో గేరులో, పైన చెప్పినట్టు బ్రేకు వదులుతూ దిగండి. కింద ఆగినప్పుడు కాలిన వాసన రాకూడదు, ఘాట్ పైన పెడలు ఎంత ఎత్తులో ఉందో కింద కూడా అంతే ఉండాలి, ఏ చక్రమూ మిగతావాటికన్నా ఎక్కువ సెగ కొట్టకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తేడా వచ్చినా బయల్దేరేదాకా మీకు ఇంకా కనీసం ఏడు వారాలుంటాయి. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి, సరి చేయించి, మళ్లీ అదే ఘాట్ దింపి చూడండి.